దూధ్ కా హిసాబ్

ఈసారి చాంద్‌రాత్ నాడు మా ఇంట్లో పెద్ద బహస్ జరిగింది. మసలా షీర్‌ఖుర్మా కాదు, అందులో పోసే పాలు. ఐదు లీటర్లు కావాలి. గౌలీ దగ్గరి గేదె పాలే తెమ్మంది అమ్మీ. "పాకిట్ కా దూధ్ దూధ్ నై రే, సఫేద్ పానీ హై" అని ఆమె ఫత్వా. ఇంటర్ చదివే మా అమ్మాయి ప్యాకెట్ పాలే సాఫ్ అంది. బావమరిది ఫోన్ తీసి వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూపించాడు. గేదెకు సూది వేసి పిండిన పాలు తాగితే ఆడపిల్లలు ఈడు రాకముందే పెద్దమనుషులవుతారట. ప్యాకెట్‌లో పౌడర్ కలుపుతారని మా ఆవిడ. ఇవన్నీ వింటూ కూర్చున్న ఖాలా చివర్లో పిడుగు వేసింది: "ఇఫ్తార్‌లో మచ్చీ తిన్నరు, ఇప్పుడు దూధ్ ముట్టుకుంటే బర్స్ వస్తది, జర సోచో."

నేను సహాఫీని కదా, అందరూ నా వైపు చూశారు. ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ఈద్ అయ్యాక కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది ఒకటే. ఈ సవాళ్లేవీ ఇవాళ పుట్టినవి కావు. ఒక్కొక్కటీ మన సికింద్రాబాద్ తారీఖ్‌లో ఒక్కో దౌర్‌లో పుట్టింది. కాబట్టి జవాబులు కూడా అక్కడి నుంచే వెతుకుదాం.

గోరా పల్టన్ పాలు

1798లో నిజాం అలీ ఖాన్ అంగ్రేజులతో సంధి చేసుకున్నాక హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన వాళ్ల ఫౌజు డేరాలు వేసింది. 1806లో ఆ జాగాకు మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. ఫౌజు దిగితే వెనకే బజారు వస్తుంది. గోరా సిపాయికి చాయ్‌లోకి పాలు కావాలి, రొట్టెకు మస్కా కావాలి. వాటిని మొదట్లో చుట్టుపక్కల గొల్లలు, గౌలీలే తెచ్చి పోసేవాళ్లు. అవతల హైదరాబాద్‌లో గౌలిగూడ పేరే పాలవాళ్ల పేరు. ఇవతల కంటోన్మెంట్ చుట్టూ ఉన్న పల్లెల్లో కూడా గేదెల కొట్టాలు లేని వాడ ఉండేది కాదు.

19వ శతాబ్దం చివర్లో కంటోన్మెంట్లను వణికించిన బీమారీ మియాదీ బుఖార్, అంటే టైఫాయిడ్. విలాయత్ నుంచి వచ్చిన కుర్రాళ్లు వందల సంఖ్యలో పడిపోయేవాళ్లు. ఫౌజీ డాక్టర్ల షక్ ముందు నీళ్ల మీదికి, తర్వాత పాల మీదికి పోయింది. చెరువు నీళ్లు కలిపిన పాలు, ఆ నీళ్లతోనే కడిగిన డబ్బాలు. అప్పుడు ఫౌజు ఒక ఫైసలా చేసింది: బజారు పాలు వద్దు, మన గడ్డి, మన పశువులు, మన మనుషులు. 1889 ఫిబ్రవరి 1న అలహాబాద్‌లో మొదటి మిలిటరీ ఫార్మ్ తెరిచారు. తర్వాత దేశంలోని పెద్ద కంటోన్మెంట్లకు ఆ పద్ధతి పాకింది. మన సికింద్రాబాద్‌లోనూ ఒక మిలిటరీ ఫార్మ్ నడిచింది.

ఇదే షహర్‌లో 1897 ఆగస్టులో బేగంపేట దగ్గర రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. బీమారీ నజర్ వల్ల, గాలి వల్ల రాదు, కంటికి కనిపించని జీవుల వల్ల వస్తుందనే ఇల్మ్ ఆ రోజుల్లో ఇంకా తాజా.

మా నానా ఆజాదీ తర్వాత కొన్నేళ్లు పాల ఫారంలో నౌకరీ చేశాడు. చదువు లేదు. కానీ మాకు చెప్పిన ఒక్క మాట ఏ కితాబులోనూ చదవలేదు నేను. "దూధ్ కో నజర్ నై లగ్తీ బేటా, హాథ్ లగ్తా." పాలకు దిష్టి తగలదు, చెయ్యి తగులుతుంది అని. పొదుగు కడిగారా, పిండేవాడు చేతులు కడుక్కున్నాడా, డబ్బా ఆవిరి పట్టారా, ఇవే చూసేవాడట. ఇంటికి వచ్చాక నానీ పాలు పొంగు వచ్చేదాకా కాచకుండా ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఇక్కడే మొదటి సవాల్‌కు జవాబు దొరుకుతుంది. పచ్చి పాలలో తాఖత్ ఎక్కువ అని, కాస్తే పోతుందని చాలామంది నమ్ముతారు. జిమ్‌కు పోయే పిల్లలు కచ్చా దూధ్ తాగి మూతి తుడుచుకుంటున్నారు. అంగ్రేజుల సొంత ఫౌజు దీనికి ఖరీదు కట్టింది. మాల్టా దీవిలో ఉన్న వాళ్ల సిపాయిలకు నెలల తరబడి వచ్చిపోయే బుఖార్ ఉండేది. 1887లో డేవిడ్ బ్రూస్ ఆ క్రిమిని పట్టుకున్నాడు. 1905లో థెమిస్టోక్లీస్ జమ్మిత్ అనే మాల్టా డాక్టర్ అది మేకల పాలలో నుంచి వస్తోందని కనిపెట్టాడు. పచ్చి మేకపాలు ఆపేశాక ఫౌజులో ఆ బుఖార్ ఆగింది. దాన్నే ఇవాళ బ్రూసెల్లోసిస్ అంటున్నారు. మన పశువుల్లో అది ఇంకా ఉంది. చూడి పశువుకు కడుపు పోవడానికి ఒక సబబ్ అదే. పశువుల టీబీ కూడా పచ్చి పాల దారిలోనే మనిషికి చేరగలదు. కాస్తే పోయేది కొన్ని విటమిన్లలో కొంత భాగం మాత్రమే. కాల్షియం, ప్రోటీన్ ఎక్కడికీ పోవు. నానీ అలవాటు సాఫ్‌గా సైన్సే.

గౌలీ మామూ

నా బచ్‌పన్‌లో మా గల్లీ చివర ఒక గౌలీ కొట్టం ఉండేది. పది పన్నెండు గేదెలు. యాదవుల ఇల్లు. మేమంతా ఆయన్ని గౌలీ మామూ అనేవాళ్లం. ఆయన మా నానీని "బీబమ్మా" అని పిలిచేవాడు. పొద్దున ఫజర్ అయ్యి నమాజీలు మసీదు మెట్లు దిగే వేళకు గేదెలు చేపుకు వచ్చేవి. లోటా పట్టుకుని లైన్‌లో నిలబడటం నా పని. దీపావళి అయ్యాక సదర్ వస్తే ఆ దున్నపోతుల కొమ్ములకు రంగులు, మెడలో పూలు, ముందర మర్ఫా దరువు. మా ఈద్‌కు వాళ్లింటికి షీర్‌ఖుర్మా గిన్నె పోయేది. గేదె ఈనితే మా ఇంటికి జున్ను పాలు వచ్చేవి.

అయినా నానీ, మామూ రోజూ కొట్లాడేవాళ్లు. కొట్లాట నీళ్ల గురించి. పాల వ్యాపారం ఎంత పాతదో పాలలో నీళ్లు కలపడం అంత పాతది. హజ్రత్ ఉమర్ (రజి) దౌర్ నాటి ఆ రివాయత్ మనందరికీ తెలిసిందే. రాత్రి పూట గస్తీ తిరుగుతూ ఒక ఇంటి బయట నిలబడితే, లోపల తల్లి పాలలో నీళ్లు కలపమంటోంది. కూతురు ఖలీఫా మనా చేశాడు కదా అంటోంది. ఖలీఫా ఇక్కడ చూస్తున్నాడా అంటే, ఖలీఫా చూడకపోయినా ఆయన రబ్ చూస్తున్నాడు అందట ఆ పిల్ల. ఆమెను ఉమర్ తన కోడలిగా తెచ్చుకున్నారని, ఆ నస్ల్‌లోనే తర్వాత ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ పుట్టారని రివాయత్. మా ఉర్దూ మీడియం స్కూల్లో ఉస్తాద్ ఈ ఖిస్సా చెప్పినప్పుడల్లా నాకు మా గౌలీ మామూ గుర్తొచ్చేవాడు. నవ్వు వచ్చేది.

నీళ్లు పట్టుకోవడానికి లాక్టోమీటర్ వచ్చింది. దానికీ ఒక తోడు ఉంది. నీళ్లు పోస్తే పాల సాంద్రత తగ్గుతుంది, మీటర్ మునుగుతుంది. మీగడ తీస్తే సాంద్రత పెరుగుతుంది, మీటర్ తేలుతుంది. రెండూ లెక్కగా చేస్తే మీటర్ ఏమీ చెప్పదు. అందుకే తర్వాత డెయిరీలు వెన్న శాతం వేరుగా, వెన్న కాని ఘనపదార్థం వేరుగా చూసి రేటు కట్టడం మొదలుపెట్టాయి.

ఇప్పుడు సూది సంగతి. ఇక్కడ నా ఖతా ఒకటి ఒప్పుకోవాలి. నౌకరీలో చేరిన కొత్తలో నేను "సూది పాలు" మీద ఒక ఖబర్ రాశాను. ఎవరో చెప్పింది విన్నాను, ఒక కొట్టంలో ఖాళీ సీసా చూశాను, అంతే. సాయంత్రానికల్లా రాసి ఇచ్చాను. డాక్టర్‌ను అడగలేదు, పశువైద్యుణ్ణి అడగలేదు. మా మహల్లాలో సగం మంది గౌలీ మామూ దగ్గర పాలు మానేశారు. ఆయన రెండు గేదెలు అమ్ముకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు నా లోటా పట్టుకుని పెరిగినోనివి బిడ్డా, నన్నడిగితే చెప్పేటోని గద" అన్నాడు. ఆ మాట ఇంకా గొంతులో ముల్లులాగే ఉంది.

అప్పుడు అడగనివి తర్వాత తెలుసుకున్నాను. పశువు దూడను చూస్తే, దూడ పొదుగును కుమ్మితే, దాని మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. అప్పుడే పాలు చేపుతాయి. దూడ చచ్చిపోతే గేదె చేపదు. దానికి పాతకాలంలో రెండు ఉపాయాలు. ఒకటి, చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెట్టడం. రెండోది ఫూకా, అంటే పశువు మర్మాంగంలోకి గాలి ఊదడం. కలకత్తా గౌలీలు చేసే ఈ జుల్మ్ గురించి చదివిన గాంధీజీ 1912లో పాలే మానేశారు. తర్వాత బీమారీలో మేకపాలకు ఒప్పుకున్నారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఫూకాను నేరం చేసింది. ఆ ఖాళీలోకి వచ్చిందే సూది. గేదె ఒంట్లో పుట్టాల్సిన హార్మోన్‌నే బయటి నుంచి ఎక్కించడం.

దానివల్ల ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతారా? ఆక్సిటోసిన్ అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. రక్తంలో కొన్ని నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది. పాలలో ఏ కొంచెం ఉన్నా మన కడుపు దాన్ని మాంసం, పప్పు అరిగించినట్టే అరిగిస్తుంది. ఆడపిల్లల ఈడుకూ దానికీ తఅల్లుఖ్ ఉందనడానికి సబూత్ లేదు. అంటే సూది మంచిదని కాదు. పశువుకు నొప్పి, మురికి సూదులతో బీమారీలు, దొంగతనంగా తయారైన మందు. నుక్సాన్ ముందు గేదెకు. ఇంకో పక్క కూడా చూడండి. ఇదే మందు ప్రసవం తర్వాత రక్తం ఆగక చనిపోయే తల్లులను కాపాడుతుంది. 2018లో సర్కార్ దాని తయారీని ప్రైవేట్ కంపెనీలకు మనా చేస్తే, అదే ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ హుకుంను కొట్టేసింది. గేదెను కాపాడబోయి తల్లిని పోగొట్టుకునే హాలత్ రావద్దని.

లాలాపేట నుంచి వచ్చిన ప్యాకెట్

షహర్ పెరిగింది. స్టేషన్ ముందు, ప్యారడైజ్ దగ్గర ఇరానీ హోటళ్లలో పొద్దస్తమానం చాయ్. ఆ చాయ్‌కి పాలు గంటల తరబడి చిక్కగా మరగాలి. కార్ఖానాల్లో, రైల్వేలో వేల కుటుంబాలు. గల్లీ గౌలీలు ఇంతమందికి ఎక్కడ సరిపోతారు? 1960లలో ఆంధ్రప్రదేశ్ సర్కార్ యూనిసెఫ్ మదద్‌తో హైదరాబాద్, విజయవాడల్లో పాల పథకాలు పెట్టింది. 1974లో డెయిరీ అభివృద్ధి కార్పొరేషన్, 1981లో సహకార సమాఖ్య. మన సికింద్రాబాద్ లాలాపేటలోని డెయిరీ నుంచి "విజయ" పేరుతో ప్యాకెట్లు గల్లీ గల్లీకి వచ్చాయి. అబ్బా లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పని చేసేవాడు. సైకిల్ హ్యాండిల్‌కు ప్యాకెట్ వేలాడదీసుకుని వచ్చిన మొదటి రోజు నానీ దాన్ని తిరగేసి మరగేసి చూసి, "దీనికి తల్లి ఎవరు?" అని అడిగింది.

తల్లులు చాలామంది. పల్లెలో రైతు పొద్దున, సాయంత్రం పాల కేంద్రంలో పోస్తాడు. వెన్న చూసి రాసుకుంటారు. శీతలీకరణ కేంద్రంలో చల్లబరుస్తారు. ట్యాంకర్‌లో డెయిరీకి వస్తాయి. అక్కడ వేడి చేసి వెంటనే చల్లార్చి, వెన్న సరిచేసి, ప్యాకెట్ కడతారు. 1946లో ఖేడా జిల్లా రైతులు మొదలుపెట్టిన దారి ఇది. 1970 నుంచి కురియన్ నడిపిన క్షీర విప్లవం దాన్ని దేశమంతా పరిచింది. 1998కల్లా పాల ఉత్పత్తిలో దునియాలో మనమే అవ్వల్. మన దగ్గర ఈ దారిలో నాకు ఎక్కువ నచ్చేది ములుకనూరు మహిళా డెయిరీ. ఆడవాళ్లే సభ్యులు, ఆడవాళ్లే మాలిక్‌లు. 2002 నుంచి "స్వకృషి" పేరుతో పాలు అమ్ముతున్నారు.

పౌడర్ కలుపుతారా? కలుపుతారు. దాచిపెట్టి కాదు, ఖానూన్ ప్రకారమే. గేదె పాలలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది, ఆవు పాలలో నాలుగు దాకా. 1946లో బొంబాయిలో దారా ఖురోడీ ఒక తర్కీబ్ చేశాడు. చిక్కటి గేదె పాలలో వెన్న తీసిన పాలపొడి, నీళ్లు కలిపి వెన్నను మూడు శాతానికి తెచ్చాడు. అదే టోన్డ్ మిల్క్. తక్కువ ఖరీదులో ఎక్కువ మంది పిల్లలకు పాలు అందాలని. 1955లో హెచ్.ఎం. దలయా గేదె పాలను పౌడర్ చేసి చూపించాక, వానాకాలం, చలికాలం మిగిలే పాలు ఎండాకాలానికి దాచుకోవడం కుదిరింది. ఇవాళ ప్యాకెట్ మీద టోన్డ్ అంటే వెన్న 3 శాతం, డబుల్ టోన్డ్ అంటే 1.5, స్టాండర్డ్ అంటే 4.5, ఫుల్ క్రీమ్ అంటే 6. షీర్‌ఖుర్మాకు అమ్మీ "సఫేద్ పానీ" అన్నది టోన్డ్ పాలను. ఫుల్ క్రీమ్ తెచ్చి ఉంటే బహసే ఉండేది కాదు.

హలాల్ సవాల్ కూడా అప్పుడప్పుడు వస్తుంది, ముఖ్యంగా గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మన బంధువుల నుంచి. పాలు, పెరుగు, నెయ్యి, నిమ్మరసంతో విరిచిన పనీర్‌లో షక్ లేదు. చీజ్ గడ్డకట్టడానికి ఒక ఎంజైమ్ వేస్తారు. పాత పద్ధతిలో అది దూడ కడుపు నుంచి తీసేది. ఇప్పుడు ఎక్కువగా సూక్ష్మజీవుల నుంచి తీస్తున్నారు. మన దేశంలో పచ్చ చుక్క ఉన్న చీజ్‌లో జంతువు ఒంట్లోంచి తీసినది ఉండకూడదు. బయటి ముల్కుల్లో లేబుల్ చదవండి, మసలా మీ ఆలిమ్‌ను అడగండి.

తార్నాకా జవాబులు

లాలాపేటకు పక్కనే తార్నాకాలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ చిన్న గదిలో మొదలుపెట్టిన పరిశోధన అది. 1950ల చివర్లో మన షహర్‌కు వచ్చింది. రోజుకు ఎన్ని పాలు అంటే, పెద్దవాళ్ల పళ్లెంలో వాళ్లు పెట్టిన లెక్క సుమారు 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు. పాలు మాత్రమే తాగితే సరిపోదు. పప్పు, ఆకుకూర, పండు కూడా ఆ పళ్లెంలోనే ఉన్నాయి. మన దావత్ పళ్లెంలో ఆకుకూర ఎక్కడ ఉంటుందో మీరే చెప్పండి.

కొందరికి పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనం. అది పాలు చెడ్డవని కాదు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైమ్ పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. దునియాలో ఎక్కువమంది పెద్దవాళ్ల హాల్ ఇదే. పెరుగులో ఆ చక్కెరను కొంత బ్యాక్టీరియానే తినేస్తుంది. అందుకే పాలు పడనివాళ్లకు పెరుగు, మజ్జిగ పడతాయి. తక్‌లీఫ్ ఎక్కువైతే డాక్టర్‌కు చూపించండి. ఏ2 పాల పేరుతో రెండింతల ధరకు అమ్ముతున్న సీసాల వెనక పరుగెత్తకండి. మన గేదె పాలలో, దేశీ ఆవు పాలలో ఎక్కువగా ఉండేది ఆ రకం ప్రోటీనే.

ఇక ఖాలా చేపలు. చేప తిని పాలు తాగితే బర్స్, అంటే బొల్లి వస్తుందని మన యునానీ హకీముల నుంచి పల్లె వైద్యుల దాకా చెప్పుకునే మాట. బొల్లి చర్మానికి రంగునిచ్చే కణాలు నశించడం వల్ల వస్తుంది. ఎక్కువగా ఒంట్లోని రోగనిరోధక శక్తే ఆ కణాల మీదికి తిరగబడుతుంది. అంటువ్యాధి కాదు, తినే తిండితో రాదు. దునియాలో చేపను పాలలో, మీగడలో వండుకునే ఖౌమ్‌లు ఎన్నో ఉన్నాయి. మన ఎర్రగడ్డలోని యునానీ పరిశోధన సంస్థకు బర్స్ ఇలాజ్ కోసం దూరదూరాల నుంచి మరీజులు వస్తారు. ఈ వహమ్ వల్ల జరిగే అసలు నుక్సాన్ పాలకూ చేపకూ కాదు, ఆ మరీజులకు. ఏదో తప్పు తిండి తిన్నావని నేరం మోపుతారు. రిష్తాలు ఆగిపోతాయి. ఖాలాకు ఈ మాట చెబితే కాసేపు చుప్ ఉండి, "మా చిన్నప్పుడు మా ఫుప్పీ కూతురికి అట్లనే రిష్తా పోయింది" అంది. ఆమెకు పాలూ చేపల మాట ఎవరు నేర్పారో అప్పుడు అర్థమైంది.

ఖౌఫ్ ఒకటి, హకీకత్ ఒకటి

మిలావట్ గురించి మన భయం యూరియా, సబ్బునురగ, సున్నం. 2018లో ఆహార భద్రతా సంస్థ దేశమంతా 6,432 పాల నమూనాలు తీసింది. తాగితే ఖతరా అనిపించే మిలావట్ దొరికింది 12 నమూనాల్లో. బాధ ఏమిటంటే వాటిలో 9 మన తెలంగాణవే. కాబట్టి నిశ్చింతగా ఉండమని అనను. కానీ ఆ సర్వేలో అసలు చూడాల్సినది వేరే ఉంది. 5.7 శాతం నమూనాల్లో అఫ్లాటాక్సిన్ ఎం1 హద్దు దాటింది. ఒక శాతానికి కొంచెం పైన నమూనాల్లో యాంటీబయాటిక్ మందుల అవశేషాలు హద్దు దాటాయి. ఎవరూ డబ్బాలో పోసిన జహర్ కాదది. దాణాలోంచి, కొట్టంలోంచి వచ్చింది. తడిసిన పల్లి చెక్కకు, పత్తి చెక్కకు, మక్కలకు బూజు పడుతుంది. ఆ బూజు విషం గేదె తిన్నాక రూపం మార్చుకుని పాలలోకి దిగుతుంది. కాస్తే పోదు. పొదుగువాపు వచ్చిన గేదెకు మందు వేసి, డాక్టర్ చెప్పిన రోజులు ఆగకుండా పాలు పోస్తే ఆ మందు మన గ్లాసులోకి వస్తుంది.

ఖరాబ్ దాణా తక్కువ ధరకు వస్తుంది, అందుకే గరీబ్ రైతు కొంటాడు. మందు వేశాక నాలుగు రోజులు పాలు పారబోస్తే ఆ నాలుగు రోజుల రోజీ ఎవరిస్తారు? పాలు సాఫ్‌గా ఉండాలంటే దాణా పొడిగా ఉండే గోదాం కావాలి, ఊళ్లో పశువుల డాక్టర్ ఉండాలి, రైతుకు సరైన ధర కావాలి. వాట్సాప్‌లో వీడియో పంపడం సులువు. ఈ లెక్క చూడటం మనకు కష్టం.

లెక్కలో రాయని పద్దు

ఇంకో మాట ఉంది. పాల లెక్కలో ఎవరూ గట్టిగా చదవని పద్దు. గేదె పాలిస్తుంది అంటే ఏటా, ఏడాదిన్నరకో ఈనుతుంది. అందులో సగం మగ దూడలు. ట్రాక్టర్ వచ్చాక దున్నకు పని లేదు. నాలుగైదు ఈతలు అయ్యాక గేదె వట్టిపోతుంది. దాణా ఖర్చు మాత్రం ఆగదు. మా గౌలీ మామూ వట్టిపోయిన గేదెను సంతలో అమ్మి, ఆ పైసలకు ఇంకొంత కలిపి పాల గేదె తెచ్చేవాడు. కొనేవాడు ఎక్కువగా మన ఖురేషీ. మన రాష్ట్రంలో 1977 చట్టం ఆవుల వధను మనా చేసింది. పనికిరాని గేదెలను సర్టిఫికెట్‌తో కోయడానికి ఇజాజత్ ఉంది. యాదవుల పాడి, ఖురేషీల కసబ్ ఒకే హిసాబ్ కితాబ్‌కు రెండు పేజీలు. ఒక పేజీ చింపితే రెండోది నిలబడదు.

2017లో పశువుల సంతల మీద కేంద్రం తెచ్చిన రూల్స్ కోయడానికి సంతలో పశువులను అమ్మొద్దన్నాయి. కోర్టులు వాటిని ఆపాయి. కానీ రోడ్డు మీద బండి ఆపి కాగితాలు అడిగేవాళ్ల భయం ఆగలేదు. ఖురేషీ పిల్లలు పెద్దల కసబ్ వదిలి ఆటో నడుపుతున్నారు. గేదెకు సంతలో ధర పడిపోతే మొదట మునిగేది పాడి రైతే. మనం హమేషా మన పేజీ గురించే మాట్లాడుకుంటాం, వాళ్లు వాళ్ల పేజీ గురించి. గౌలీ మామూ మాత్రం రెండు పేజీలూ చదివేవాడు. ఖురేషీ ఇంట్లో మయ్యత్ అయితే ముందు నిలబడేది ఆయనే.

నానా పని చేసిన ఆ ఫారంల ఖిస్సా కూడా ఖతమైంది. దేశమంతా ఉన్న 39 మిలిటరీ ఫార్మ్‌లను మూసేయాలని 2017లో ఫైసలా అయ్యింది. 2021 మార్చి 31న జెండా దించారు. 132 ఏళ్లు. హోల్‌స్టీన్, సాహివాల్ కలిపి వాళ్లు తయారుచేసిన ఫ్రీస్వాల్ ఆవులు వేరే వాళ్లకు పోయాయి. ఫౌజుకు ఇప్పుడు బయటి డెయిరీల పాలే. బజారు పాలంటే భయపడి మొదలైన ఖిస్సా బజారు పాలతోనే ముగిసింది. ఎందుకంటే ఈ మధ్యలో బజారే మారింది. కాచడం, చల్లార్చడం, పరీక్ష చేయడం, రైతుకు లెక్క ప్రకారం పైసలివ్వడం మనం నేర్చుకున్నాం.

చాంద్‌రాత్ నాటి బహస్ ఎట్లా తేలిందో చెప్పలేదు కదా. గౌలీ మామూ ఇప్పుడు లేడు. కొట్టం ఉన్న చోట అపార్ట్‌మెంట్ లేచింది. కొడుకు గేదెలను షహర్ బయటికి తోలుకుపోయి, బండి మీద పాలు తెచ్చి పోస్తున్నాడు. ఆయన దగ్గర మూడు లీటర్లు, దుకాణం నుంచి రెండు లీటర్ల ఫుల్ క్రీమ్ ప్యాకెట్లు తెచ్చాను. అమ్మీ రెండూ ఒకే దేగ్చీలో పోసి, బిస్మిల్లా అని పొయ్యి మీద పెట్టి, పొంగు వచ్చేదాకా అక్కడే నిలబడింది. పొద్దున నమాజు నుంచి వచ్చి తాగితే ఏ పాలు ఎవరివో ఎవరికీ తెలియలేదు.

మొదటి గిన్నె నేనే పట్టుకుని గౌలీ మామూ కొడుకు ఇంటికి పోయాను. పాతికేళ్ల కింద నేను రాసిన ఆ ఖబర్ సంగతి ఎత్తి, తప్పు నాదే అని చెప్పాను. పాలలో నీళ్లు కలిపితే మీటర్ పట్టుకుంటుంది, ఖబర్‌లో కలిపితే ఎవరు పట్టుకుంటారు? ఆయన గిన్నె అందుకుని, "మా నాయన ఎప్పుడో మర్శిపోయిండు అన్నా, నువ్వే ఇంకా మోస్తున్నవ్" అన్నాడు. లోపలికి పోయి గిన్నె కడిగి తెచ్చాడు. ఖాళీ గిన్నె ఇవ్వొద్దని అందులో ఇంత పెరుగు తోడు వేసి ఇచ్చాడు.